టాపు మీది నిద్ర

బండి నెత్తి మీద డేరా వేసుకుని అందులో పడుకునే మనుషులు లోకంలో ఉంటారని రాజనర్సయ్యకు అరవై ఏళ్లు నిండేదాకా తెలియదు. తెలియకుండానే పోయి ఉంటే ఎంత హాయిగా ఉండేదో అని ఆ వారంలో ఆయన కనీసం ఇరవైసార్లు అనుకున్నాడు.

తప్పంతా కూతురిది. యశస్విని మాదాపూర్‌లో ఏదో ఆఫీసులో పనిచేస్తుంది. మధ్యాహ్నం పూట పని లేనట్టుంది, తల్లి ఫోనుకు ఒక వీడియో పంపింది. అందులో ఒక జంట చెరువు గట్టున జీపు ఆపుతారు. జీపు మీద ఉన్న మూటలాంటిదాన్ని ఇటు లాగి అటు తెరిస్తే అది లేచి నిలబడి చిన్న గదైపోతుంది. పక్కనే ఒక నిచ్చెన దిగుతుంది. ఇద్దరూ ఆ నిచ్చెన ఎక్కి, లోపల పరుపు మీద కాళ్లు చాపుకుని, చెరువును చూస్తూ చాయ్ తాగుతారు. అంతే, ఇంకేమీ లేదు. ఆ మాత్రం దాన్ని సత్తెమ్మ తొమ్మిదిసార్లు చూసింది.

సత్తెమ్మది అమీర్‌పేటలో కర్రీ పాయింటు. కోచింగ్ సెంటర్ల వెనక సందులో ఉంటుంది. జావా నేర్చుకునే పిల్లలు, పైథాన్ నేర్చుకునే పిల్లలు, ఏం నేర్చుకోవాలో ఇంకా తేల్చుకోని పిల్లలు, అందరూ అక్కడే పప్పూ వంకాయకూరా పొట్లాలు కట్టించుకుని హాస్టళ్లకు పోతారు. ఆ రోజు వాళ్లకు పప్పులో పోపు మాడిన వాసన వచ్చిందంటే కారణం ఆ వీడియోనే.

రాజనర్సయ్య ఆర్టీసీలో డ్రైవర్‌గా చేసి రిటైరయ్యాడు. ఇంట్లో కూర్చుంటే చేతులకు స్టీరింగు లేక ఏం చేయాలో తోచక, రెండో నెలలోనే ఒక పాత బొలెరో కొన్నాడు. తాను బస్సు తోలిన ఊళ్లన్నీ భార్యకు తిప్పి చూపిస్తానని మాటిచ్చాడు. సత్తెమ్మ సంతోషంగానే తలూపింది కానీ లాడ్జీల్లో పడుకోనని ముందే చెప్పేసింది. ఎవరెవరు పడుకున్న దుప్పట్లో ఏమో అని ఆమె అనుమానం. మరి రాత్రిళ్లు ఎక్కడ పడుకోవాలన్న దగ్గర వాళ్ల ప్రయాణం మూడు వారాలు ఆగిపోయింది. అదిగో, సరిగ్గా అప్పుడొచ్చింది వీడియో.

ఆ సాయంత్రం ఆమె బల్కంపేట ఇంటికి వచ్చి, చెప్పులు కూడా విడవకుండా ఫోను ఆయన ముక్కు ముందు పెట్టింది.

"మన బండి మీద సుత గిది పెట్టిద్దాం. నువ్వు బస్సు టాపు మీద పండుకున్నట్టు నేను సుత పండుకుంట," అంది.

రాజనర్సయ్యకు నోట్లో చాయ్ నోట్లోనే ఉండిపోయింది. ఎందుకంటే ఆయన తన జన్మలో ఒక్కసారి కూడా బస్సు టాపు మీద పడుకోలేదు.

ఇక్కడ కొంచెం వెనక్కి పోవాలి. రాజనర్సయ్య పదకొండేళ్లు నైట్ హాల్ట్ డ్యూటీ చేశాడు. సాయంత్రం ఆఖరి ట్రిప్పు వికారాబాద్ అవతల ఒక పల్లెకు పోతుంది. రాత్రి బస్సు అక్కడే ఆగుతుంది. డ్రైవరూ కండక్టరూ అక్కడే పడుకుని, తెల్లారి మొదటి ట్రిప్పు పట్టుకొస్తారు. ఆయన కండక్టరు పేరు పెంటయ్య. ఈతపుల్లలాంటి మనిషి. రాత్రి లెక్క ముగియగానే చంకలో చద్దరు పెట్టుకుని, బస్సు వెనక నిచ్చెన పట్టుకుని టపటపా టాపు ఎక్కేవాడు. రాజనర్సయ్య మాత్రం లోపలే, వెనక పొడుగు సీటు మీద, రెగ్జిన్‌కు వీపు అతుక్కుపోతుండగా, దోమల్ని కొట్టుకుంటూ తెల్లార్చేవాడు.

ఎందుకంటే నిచ్చెన మీద మూడో మెట్టు దాటితే ఆయన కాళ్లు ఆయన మాట వినవు. డెబ్బై మందిని ఎక్కించుకుని అనంతగిరి మలుపుల్లో ఒంటిచేత్తో బస్సు తిప్పిన మనిషికి నిచ్చెనంటే భయమంటే ఎవరూ నమ్మరు. నమ్మరనే ఎవరికీ చెప్పలేదు. ఇంటి మీద నీళ్ల ట్యాంకు చూడాల్సి వచ్చినప్పుడల్లా "డ్రైవర్ నడుము" అని ఒక రోగం తెచ్చుకుని ప్లంబరుకు ఫోను చేసేవాడు. ఈ సంగతి తెలిసినవాడు పెంటయ్య ఒక్కడే. ఆయన ఇప్పుడు సిద్దిపేటలో కొడుకుల దగ్గర హాయిగా ఉన్నాడు.

అబద్ధం ఎలా మొదలయిందో కూడా చెప్పాలి. పెళ్లయిన కొత్తలో వాళ్లు బోరబండలో ఒక రేకుల గదిలో ఉండేవాళ్లు. ఎండాకాలం ఆ గది ఎంత ఉడికేదో అందులో ఉన్నవాళ్లకే తెలుసు. ఒకరోజు ఆయన డ్యూటీ దిగి వచ్చేసరికి, ఒళ్లంతా చెమటకాయలు పేలిన పిల్లను ఒళ్లో వేసుకుని సత్తెమ్మ కూర్చుని ఉంది. రాత్రంతా కన్ను మూయలేదని మొహమే చెబుతోంది. అయినా ముందు ఆయన్నే అడిగింది, నిద్ర పట్టిందా, దోమలు కుట్టలేదా అని. ఆ మొహం చూశాక ఆయనకు నిజం నోట రాలేదు. పొద్దున హోటల్లో చాయ్ తాగుతూ పెంటయ్య చెప్పిందంతా తనదిగా చేసి చెప్పేశాడు. టాపు మీద పడుకున్నాననీ, గాలి మస్తుగా ఉందనీ, చుక్కలు చేతికందేట్టు ఉన్నాయనీ.

సత్తెమ్మ మొహం తేటపడింది. అక్కడితో ఆగితే బాగానే ఉండేది. కానీ అప్పటినుంచి ఆయన నైట్ హాల్ట్ చేసి వచ్చిన ప్రతిసారీ, రొట్టెలు కాలుస్తూ ఆమె అడిగేది, నిన్న రాత్రి ఏం చూశావని. ఆయన చెప్పేవాడు. జొన్నచేల మీంచి వచ్చే గాలి గురించి, రాలిపోయిన చుక్క గురించి, వానకు ముందు వచ్చే మట్టివాసన గురించి. పెంటయ్య చూసినవి అయిపోయినప్పుడు సొంతంగా కూడా కొన్ని కలిపాడు. పదకొండేళ్లలో ఆ టాపు మీది నిద్ర ఎంత పెరిగిందంటే, ఒక్కోసారి చెబుతుంటే ఆయనకే అసూయ పుట్టేది.

ఇప్పుడు ఆ నిద్రే సత్తెమ్మకు కావాలట. ఆమె పైకి ఎక్కితే పక్కన తానూ ఎక్కాలి. ఎక్కలేడు. ఎక్కలేడని తేలిన క్షణంలో ముప్పై ఏళ్ల కథంతా కుప్పకూలుతుంది. పోనీ డేరా వద్దందామంటే, పెళ్లయిన ఇన్నేళ్లలో ఆమె నోరు తెరిచి అడిగింది ఇదొక్కటే. రెండు రోజులు ఆయనకు అన్నం సయించలేదు.

మూడో రోజు ఒక ఉపాయం తట్టింది. పంజాగుట్టలో ఫ్లైఓవర్ దాటాక ఒక సందులో ఈ డేరాలు అమ్మే షాపు ఉందని యశస్వినే చెప్పింది. సత్తెమ్మకు తెలియకుండా ముందు తానొక్కడే పోయి చూసొచ్చాడు. షాపు యజమాని రవికాంత్‌ది భీమవరం వైపు. పదిహేనేళ్ల కింద వచ్చి కారు సీటు కవర్లతో మొదలుపెట్టి, ఇప్పుడు బండి మీద కట్టే డేరాలు, మడతపెట్టే కుర్చీలు, గ్యాసు పొయ్యిలు అమ్ముతున్నాడు. మర్యాద తెలిసిన మనిషి. రాజనర్సయ్య ఆయన్ను పక్కకు పిలిచి, ఆదివారం మా ఇంటామెను తీసుకొస్తాననీ, మా బండికి ఇది పనికిరాదని నువ్వే చెప్పి పుణ్యం కట్టుకోమనీ అడిగాడు.

రవికాంత్ ఇబ్బందిగా నవ్వాడు. అమ్ముకునేవాణ్ణి, పనికొచ్చేదాన్ని పనికిరాదని ఎలా చెప్తానండీ అన్నాడు. అయితే ఒక మాట మాత్రం ఇచ్చాడు. మామూలుగా కొనేవాళ్లకు మెల్లిగా, తర్వాత చెప్పే ఇబ్బందులన్నీ అమ్మగారికి ముందే, ఒక్కటీ దాచకుండా చెబుతానన్నాడు. రాజనర్సయ్యకు అది చాలనిపించింది. ఇబ్బందులన్నీ వింటే ఆమే వద్దంటుందని ఆయన ధైర్యం. ముప్పై నాలుగేళ్లు కాపురం చేసినా మనిషికి కొన్ని తెలియవు.

ఆదివారం పిల్లలంతా బిర్యానీకి పోతారు కాబట్టి కర్రీ పాయింటు బంద్. పదకొండు గంటలకు ఇద్దరూ బొలెరోలో బయల్దేరారు. ఎప్పటిలాగే రాజనర్సయ్య స్టీరింగును తాకి కళ్లకద్దుకున్నాడు. సత్తెమ్మ బోనాలకు కట్టే పచ్చచీర కట్టుకుంది. ఎందుకంత మంచి చీర అని అడిగితే, బట్టలు కొనడానికి పోతే పాతబట్టలు కట్టుకుంటాం, ఇల్లు కొనడానికి పోతే కట్టుకుంటామా అంది. అప్పుడే దాన్ని ఇల్లు చేసేసిందని ఆయనకు గుండెలో రాయి పడింది.

షాపు వెనక పెద్ద ఖాళీ జాగా ఉంది. అక్కడ రెండు బండ్ల మీద రెండు రకాల డేరాలు తెరిచిపెట్టాడు రవికాంత్. ఒకటి పెట్టె రకం. పైన గట్టి మూత ఉంటుంది, క్లిప్పులు తీస్తే మూత దానంతటదే లేస్తుంది, నిమిషంలో పని అయిపోతుంది. రెండోది బట్ట రకం. మడతలు విప్పి లాగాలి, కడ్డీలు గుచ్చాలి, పది నిమిషాలైనా పడుతుంది, కానీ వెడల్పు ఎక్కువ. సగం బండి మీద ఉంటే సగం పక్కకు వచ్చి నిచ్చెన ఆసరాతో నిలబడుతుంది.

రవికాంత్ మాట తప్పలేదు. ఒక్కొక్కటే చెప్పుకొచ్చాడు. డేరా అరవై కిలోలుంటుంది, మీ బండి మీద ఇప్పుడున్న క్యారియర్ దీన్ని ఆపదు, వేరే గట్టిది బిగించాలి. మైలేజీ తగ్గుతుంది. బండి ఎత్తు పెరుగుతుంది కాబట్టి చాలా సెల్లార్లలో పట్టదు. వానకు తడిస్తే ఇంటికొచ్చాక మళ్లీ తెరిచి ఆరబెట్టాలి, లేకపోతే బూజు పడుతుంది. అన్నిటికన్నా ముఖ్యం, అర్ధరాత్రి ఒంటికి పోవాలంటే నిచ్చెన దిగాలి, మళ్లీ ఎక్కాలి. మోకాళ్లు బాగుండాలి.

పక్కన నిలబడి రాజనర్సయ్య ప్రతి మాటకూ "చూశావా" అన్నట్టు తలాడిస్తున్నాడు.

సత్తెమ్మ అన్నీ విని, ఒక్కొక్కదాన్నీ కూరగాయల బండి దగ్గర పుచ్చు వంకాయను పక్కన పెట్టినట్టు పక్కన పెట్టింది. సెల్లారు మాకు లేనే లేదు, బండి గోడ పక్కన సందులోనే ఉంటుంది అంది. ఏటా మిద్దె మీద వడియాలు ఆరబెట్టేదాన్ని, బట్ట ఆరబెట్టలేనా అంది. క్యారియర్ సంగతి ఆయన చూసుకుంటాడు, బండి పని ఆయనకు చెప్పేదేముంది అంది. మోకాళ్ల దగ్గర మాత్రం ఒక్క క్షణం ఆగింది. తర్వాత, రాత్రి ఎనిమిది తర్వాత నీళ్లు తాగకుంటే సరి అని అది కూడా పక్కన పెట్టేసింది.

ఆ తర్వాత ఆమె పరీక్ష మొదలైంది. నిచ్చెన కింది మెట్టు మీద నిలబడి జిప్పులు పదిసార్లు లాగి చూసింది. కుట్లు వేలితో తడిమింది. దోమతెర కన్నాలు ఎండకు పెట్టి చూసింది. పరుపును పిండి పిసికినట్టు పిడికిలితో నొక్కి, మళ్లీ పైకి లేస్తుందో లేదో చూసింది. నీళ్లు ఎటు జారతాయని అడిగింది. రవికాంత్ మొదట సేల్స్ మాటలు చెప్పబోయాడు కానీ రెండో ప్రశ్నకే వాటిని కట్టిపెట్టి సూటిగా జవాబులు చెప్పసాగాడు.

చివరకు, మీ వయసుకు పెట్టె రకమే సుఖం అమ్మా, తెరవడం మూయడం తేలిక అన్నాడు. సత్తెమ్మ మెడ చాచి ఆ పెట్టె డేరాలోకి తొంగి చూసింది. పైన గట్టి మూత కనిపించింది.

"పైకి సూస్తే రేకు కనవడితే ఇంకెందుకు?" అంది. "రేకు కింద పండుకున్నదాన్నే గద నేను."

బట్ట డేరాకు కప్పులో ఒక కిటికీ ఉంది. జిప్పు తీస్తే ఆకాశం కనిపిస్తుంది. సత్తెమ్మ నిచ్చెన రెండు మెట్లెక్కి, తల లోపలికి పెట్టి కాసేపు పైకి చూసింది. ఇదే అంది.

రాజనర్సయ్య దగ్గర ఇంక ఒక్క అస్త్రమే మిగిలింది. దసరాకు బండికి పసుపూ కుంకుమా పెట్టి దండం పెట్టేవాళ్లం, పొద్దున్నే మొక్కనిదే తాళం తిప్పం, అలాంటి బండి నెత్తి మీద కాళ్లు చాపుకుని పడుకుంటే అమ్మవారికి కోపం రాదా అన్నాడు. గొంతులో భక్తి కొంచెం ఎక్కువే పలికింది.

సత్తెమ్మ ఆయన వైపు వింతగా చూసింది.

"మరి నువ్వు పదకొండేండ్లు బస్సు నెత్తి మీద పండుకుంటివి. బస్సుకు మొక్కకుండనే తోలినవా?"

రవికాంత్‌కు ఇది కొత్త సంగతి. అయితే సార్‌కు ఇందులో బోలెడు అనుభవం ఉందన్నమాట అని ఉత్సాహపడ్డాడు. అనుభవమున్నవాళ్లే ఎక్కి చూసి చెప్పాలి, ఇద్దరూ ఎక్కండి, పడుకుని చూడండి, పడుకోకుండా ఎవరికీ అమ్మను నేను అన్నాడు. పాపం, ఆయన తప్పేమీ లేదు.

సత్తెమ్మ చీర కొంగు నడుముకు చెక్కి నిచ్చెన పట్టుకుంది. ఒక్కో మెట్టు మీద రెండు కాళ్లూ పెట్టి, కాస్త ఆగి, తర్వాతి మెట్టుకు పోయింది. మధ్యలో మోకాలు పట్టేసినట్టుంది, అబ్బా అంది. దిగిపో అని రాజనర్సయ్య కింద నుంచి బతిమాలాడు. ఆమె వినలేదు. రెండు నిమిషాలు పట్టింది, ఎక్కింది. లోపలికి పాకి, ఇటు తిరిగి బోర్లా పడుకుని, మోచేతుల మీద గడ్డం ఆనించుకుని కిందికి చూసింది. చెమట పట్టిన మొహంలో ఆ సంతోషం చూసి రాజనర్సయ్యకు ఎందుకో ఏడుపొచ్చినంత పనయింది.

"రా," అంది.

ఆయన ఎక్కాడు. ఎక్కక ఏం చేస్తాడు. మొదటి మెట్టు బాగానే ఉంది. రెండోదీ బాగానే ఉంది. మూడో మెట్టు మీద అరచేతులు తడిశాయి. నాలుగో మెట్టు మీద కాలు పెట్టాక ఇంక ఆ కాలు పైకీ రాలేదు, కిందికీ పోలేదు. రెండు చేతులతో నిచ్చెనను కావలించుకుని, కళ్లు గట్టిగా మూసుకుని నిలబడిపోయాడు. ఆయన కాళ్లు వణికితే నిచ్చెన వణికింది, నిచ్చెనతో పాటు డేరా కూడా వణికింది.

రవికాంత్ పరుగున వచ్చి నిచ్చెన పట్టుకున్నాడు. సత్తెమ్మ మొదట భర్త వేళాకోళం చేస్తున్నాడనుకుంది. బస్సు నిచ్చెన దీనికి రెండింతలుంటుంది కదా, ఇదొక లెక్కా అంది. ఆయన కళ్లు తెరవకపోయేసరికి ఆమె గొంతు మారింది, ఏమయిందని అడిగింది.

డ్రైవర్ నడుము అన్న మాట ఆయన నాలుక మీదికి వచ్చింది. ముప్పై ఏళ్లుగా అలవాటైన మాట, పిలవకుండానే వస్తుంది. అది అనేస్తే అయిపోయేది. నడుం పట్టేసిందని దింపేవాళ్లు, డేరా కొనేవాళ్లు కాదు, కథ కథలాగే ఉండిపోయేది. ఆయన కళ్లు తెరిచాడు. మూరెడు దూరంలో సత్తెమ్మ మొహం ఉంది. నిన్న రాత్రి ఏం చూశావని అడిగేటప్పుడు రొట్టెల పెనం మీంచి తలెత్తి చూసే మొహమే, కాస్త ముడతలు పడింది, అంతే.

"సత్తెమ్మా, నేను ఎన్నడు టాపు మీద పండుకోలే," అన్నాడు. "నాకు నిచ్చెనంటె భయం. లోపట సీటు మీదనే పండుకుంటుంటి. టాపు మీద పండుకున్నది పెంటయ్య."

మెట్రో రైలు ఒకటి అటువైపు పోయింది.

"మరి చుక్కలు?" అంది సత్తెమ్మ.

"పెంటయ్యవి."

"జొన్నచేను గాలి?"

"పెంటయ్యదే. పొద్దుగాల చాయ్ తాక్కుంట చెప్తుండె."

"టాపు మీద నీ పక్కకొచ్చి కూసున్న గుడ్లగూబ?"

రాజనర్సయ్య తల వంచుకున్నాడు. "గది మాత్రం నాదే. ఊకెనే కలిపిన."

సత్తెమ్మ మోచేతుల మీంచి లేచి కూర్చుంది. ఆమె మొహంలో ఇందాకటి సంతోషం లేదు. కోపమే ఉంది. ఇన్నేళ్లు తననొక చిన్నపిల్లను చేసి ఆడించాడని కోపం, పరాయి మనిషి ముందు ఈ సంగతి బయటపడిందని ఇంకా కోపం. రవికాంత్ నిచ్చెన వదిలితే సార్ పడతాడు, పట్టుకుంటే అన్నీ వినపడతాయి. ఏం చేయాలో తోచక ఆయన ఎదురుగా ఉన్న సీటు కవర్ల బోర్డు చదవడం మొదలుపెట్టాడు.

"నేను ఈడ రేకుల కింద పిల్లకు ఇసురుకుంట కూసుంటుంటి," అంది సత్తెమ్మ. గొంతు పెద్దది చేయలేదు. "చెమటకు జాకెట్టు తడిసి ఒంటికి అంటుకునేది. అయినా పోనీతీ, ఆయనన్న సల్లగ పండుకున్నడు, ఇద్దర్ల ఒకరికన్న సుఖముంది అనుకునేదాన్ని. గట్ల అనుకుంటెనే నాకు జరంత కునుకు వట్టేది."

రాజనర్సయ్యకు ఈ మాట ఇప్పటిదాకా తెలియదు. ఆమె ఏదో కథ విన్నట్టు వింటోందనుకున్నాడు కానీ, ఆ కథను దిండు కింద పెట్టుకుని పడుకునేదని ఏనాడూ అనుకోలేదు. "నువ్వు నా గురించి ఫికర్ జేస్తవని మొదటిపారి చెప్పిన," అన్నాడు. "తర్వాత... ఇనేటప్పుడు నీ మొఖం మంచిగుండేది. గందుకు చెప్పిన. ఆడ లోపట మస్తు ఉడుకుంటుండె సత్తెమ్మా. నిద్రే వట్టకపోయేది."

పైన తెరిచిన కిటికీలోంచి ఎండ సత్తెమ్మ ఒళ్లో పడుతోంది. ఆ ఎండనే చూస్తూ కూర్చుంది. నిచ్చెన మీద రాజనర్సయ్య కాళ్లు తిమ్మిరెక్కాయి. దిగిపోవాలని ఉంది, కానీ ఆమె ఏమైనా అనేదాకా దిగితే అది పారిపోవడమే అవుతుందని అలాగే నిలబడ్డాడు. నాలుగో మెట్టు మీద అంతసేపు నిలబడటం ఆయన జీవితంలో అదే మొదటిసారి.

"అంటె పదకొండేండ్లు ఈడ నేను, ఆడ నువ్వు, ఇద్దరం ఒక్క తీరుగనే ఉడికినం," అంది చివరకు. "సల్లగ పండుకున్నోడు గా పెంటయ్య ఒక్కడే."

కింద రవికాంత్‌కు నవ్వు ఆగలేదు, దగ్గుగా మార్చుకున్నాడు. సత్తెమ్మ నవ్వలేదు. రాజనర్సయ్యా నవ్వలేదు. కానీ ఆమె మళ్లీ ముందుకు వంగి, మోచేతుల మీద ఆని, చేయి కిందికి చాచింది. ముప్పై నాలుగేళ్లు పొయ్యి దగ్గర పనిచేసిన చేయి, అక్కడక్కడా నూనె చుక్కల మచ్చలు.

"కిందికి సూడకు. నా దిక్కు సూడు," అంది. "ఇంక మూడే మెట్లున్నయి."

ఆయన ఆ చేయి పట్టుకున్నాడు. ఐదో మెట్టు ఎలా ఎక్కాడో ఆయనకు గుర్తులేదు. ఆరో మెట్టు మీద ఒకసారి దేవుణ్ణి తలుచుకున్నాడు. ఏడో మెట్టు అయ్యాక మోకాళ్ల మీద లోపలికి పడ్డాడు, చొక్కా గుండీ ఒకటి తెగి కింద ఎక్కడో పడిపోయింది. సత్తెమ్మ పక్కకు జరిగి జాగా ఇచ్చింది. ఆయన వెల్లకిలా పడుకుని, రెండు చేతులతో పరుపు అంచులు గట్టిగా పట్టుకున్నాడు. కప్పు కిటికీలోంచి మిట్టమధ్యాహ్నం ఆకాశం, ఎవరో మిద్దె మీద ఆరేసిన బట్టల కొసలు కనిపిస్తున్నాయి. ఫ్లైఓవర్ మీంచి హారన్లు వినిపిస్తున్నాయి. పక్కన సత్తెమ్మ కూడా వెల్లకిలా పడుకుని పైకే చూస్తోంది. కోపం పూర్తిగా పోయినట్టు లేదు, కానీ ఆమె భుజం ఈయన భుజానికి ఆనుకునే ఉంది.

కాసేపటికి కింద నుంచి రవికాంత్ పిలిచాడు. ఎలా ఉంది సార్, పరుపు సరిపోయిందా, గాలి బాగా వస్తోందా అని అడిగాడు.

పదకొండేళ్లపాటు టాపు మీది నిద్ర గురించి గుక్క తిప్పుకోకుండా చెప్పిన మనిషి. కళ్లు మూసుకుని కూడా చెప్పగలడు. సత్తెమ్మ తల తిప్పి ఆయన ఏం చెబుతాడో అని చూసింది.

"ఇంక తెల్వలే భయ్యా," అన్నాడు రాజనర్సయ్య. "జరసేపు పండుకోనియ్యి. సూసి చెప్త."